జాతీయ స్వభావం - ఒక ఉక్కు నగరం చెప్పే పాఠం

భారతీయుల జాతీయ స్వభావాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా వేదకాలంతోనో, అశోకుని శాసనాలతోనో ప్రారంభిస్తారు. సహనం, అహింస, భిన్నత్వంలో ఏకత్వం అనే మాటలు వరుసగా వస్తాయి. ఆ మాటలు అసత్యాలు కావు. అయితే అవి ప్రాచీన గ్రంథాల గుణాలుగా మాత్రమే మిగిలిపోతే, నేటి భారతీయుడు తన పొరుగువానితో ఎలా మెలగుతున్నాడన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. ఆ సమాధానం కోసం కాశీనో, కంచినో కాక, వచ్చి చేరిన జనానికి ఉమ్మడి ఆచారమంటూ ముందుగా ఏదీ లేని ఒక కొత్త ఊరిని పరిశీలించడం మేలు. జంషెడ్‌పూర్ అటువంటి ఊరు.

1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ బోస్, మయూర్‌భంజ్ సంస్థానంలోని గొరుమహిసాని కొండలలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని తెలియజేస్తూ జంషెడ్‌జీ టాటాకు లేఖ వ్రాశాడు. ఆ ఏడు మే నెలలోనే టాటా మరణించాడు. ఆయన సంకల్పాన్ని కుమారుడు దొరాబ్జీ కొనసాగించాడు. 1907లో కంపెనీ ఏర్పడినప్పుడు దేశమంతటా స్వదేశీ ఉద్యమం సాగుతున్నది. బొంబాయిలో వాటాలు కొనడానికి జనం బారులు తీరారు. మూడు వారాలలోనే కావలసిన మూలధనం సమకూరింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలో సాక్చి అనే గ్రామం వద్ద కర్మాగారం వెలసింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ తయారయింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ పట్టణానికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాలీమాటి రైలు స్టేషను టాటానగర్ అయింది.

1911లో ఇక్కడి జనాభా 5,672. పదేండ్లకు అది 57,360కి, 1931 నాటికి 83,738కి పెరిగింది. ఇంత మంది ఇక్కడ పుట్టినవారు కారు. కొలిముల పై అధికారులుగా మొదట అమెరికన్లు, ఐరోపావారు ఉండేవారు. బెంగాలీలు, పంజాబీలు, ఒడియావారు, భోజ్‌పురి మాట్లాడేవారు, ఛత్తీస్‌గఢ్ గ్రామీణులు, గుజరాతీలు, తమిళులు ఒకరి వెంట ఒకరు వచ్చారు. బెంగాల్-నాగపూర్ రైలుమార్గం వెంట ఖరగ్‌పూర్‌లో పెద్దసంఖ్యలో స్థిరపడినట్లే, గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారు ఇక్కడికీ వచ్చి చేరారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ గుర్తుగా నిలిచి ఉన్నది.

ఇన్ని ప్రాంతాల వారిని కలిపి నడిపినది ఏది? ఉపన్యాసాలు కావు, ఉక్కు తయారీలోని ఒక చిన్న నియమం. ఊదుకొలిమిని ఒకసారి వెలిగించిన తరువాత దానిని ఇష్టం వచ్చినప్పుడు ఆర్పడానికి వీలులేదు. దీపావళి అయినా, ఈద్ అయినా, సంక్రాంతి అయినా రాత్రింబవళ్లు దానికి ముడి ఖనిజం, బొగ్గు అందుతూనే ఉండాలి; కరిగిన ఇనుము వేళకు బయటికి రావలసిందే. అందువల్ల ఒకరి పండుగనాడు మరొకరు కొలిమి దగ్గర నిలబడక తప్పదు. ఈ కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం 1912లోనే అమలులోకి వచ్చింది. రోజుకు మూడు షిఫ్టులు. ఒక షిఫ్టువాడు దిగేటప్పుడు, వచ్చేవాని కులగోత్రాలు అడగడు. వేళకు వచ్చాడా లేదా అన్నదే చూస్తాడు. వేళను పాటించడం, ముఖపరిచయమైనా లేని మనిషి పనితనాన్ని నమ్మి తన ప్రాణాన్ని అతని చేతిలో పెట్టడం - ఈ అలవాట్లను మన సంస్కృతిని గురించిన గ్రంథాలు అంతగా పేర్కొనవు. ఆధునిక భారతీయుని స్వభావంలో ఇవి తక్కువ భాగం కావు.

పాతదానిని విడిచిపెట్టడం వల్లనే ఈ అలవాట్లు వచ్చాయనుకోవడం పొరపాటు. ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలో జరిగే విశ్వకర్మ పూజనే చూడవచ్చు. పురాణాలలోని దేవశిల్పి తూర్పు భారతదేశంలో యంత్రశాలలన్నింటికీ అధిదేవత అయినాడు. లేతు యంత్రానికి, క్రేనుకు బొట్టు పెట్టి దండ వేస్తారు. కమ్మరి కొలిమికి ఒకప్పుడు జరిగిన మర్యాదే ఇప్పుడు టర్బైనుకు జరుగుతున్నది.

కార్మిక సంఘ చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. 1920 సమ్మెలో కాల్పులు జరిగి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. లేబర్ అసోసియేషన్ ఆ సంవత్సరమే పుట్టింది. దానికి ఇంగ్లండులో పుట్టిన దీనబంధు ఆండ్రూస్ అధ్యక్షుడయ్యారు. 1925 ఆగస్టులో గాంధీజీ స్వయంగా వచ్చి యాజమాన్యానికి, సంఘానికి నడుమ సంధి కుదర్చడానికి తోడ్పడ్డారు. 1928 నాటి దీర్ఘ సమ్మె కాలంలో సుభాస్ చంద్రబోస్ నాయకత్వం స్వీకరించారు. వారి తరువాత బీహారుకు చెందిన అబ్దుల్ బారీ వచ్చారు. 1947 మార్చి 28న పాట్నాకు సమీపంలో కాల్పులకు గురై బారీ మరణించగా, మైకేల్ జాన్ ఆ బాధ్యత వహించారు. ఆండ్రూస్, బోస్, బారీ, జాన్: ఈ నలుగురిలో ఏ ఇద్దరి పుట్టుక, పెంపకం ఒకటి కావు. వారి వెనుక నడిచిన వేలాది కార్మికులలో అధిక సంఖ్యాకులు వారి మాతృభాషలో మాట్లాడేవారు కారు. తమవాడెవరన్న ప్రశ్నకు కార్మికులు అప్పుడు చెప్పిన సమాధానం అది. సంఘంలో ముఠాలు లేకపోలేదు. నాయకుల మధ్య వైరాలు తీవ్రంగానే సాగాయి. ఆ తగవులు మతాల పేరిట సాగక, జీతాలు, సమ్మెలు, రాజీల చుట్టూ తిరిగాయి.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే అర్ధసత్యం మాత్రమే చెప్పినట్లవుతుంది. 1964 మార్చిలో, తూర్పు పాకిస్తాను నుండి కాందిశీకులు వస్తున్న రోజులలో, జంషెడ్‌పూర్‌లోనూ మరొక ఉక్కు నగరమైన రూర్కెలాలోనూ మతకలహాలు చెలరేగాయి. 1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు ఏ దారిన సాగాలన్న వివాదం పెరిగి జంషెడ్‌పూర్‌లో నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది. ఉర్దూ కథారచయిత జకీ అన్వర్ హతులలో ఒకరు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ నాయకత్వాన విచారణ సంఘం ఏర్పడింది. పక్కపక్కన కొలిమి ముందు నిలిచిన పట్టణంలో ఇది ఎలా జరిగింది?

జంషెడ్‌జీ టాటా 1902లోనే కుమారునికి వ్రాస్తూ, కట్టబోయే పట్టణంలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు ఉండాలనీ, హిందూ దేవాలయాలకు, మసీదులకు, చర్చీలకు స్థలాలు కేటాయించాలనీ సూచించాడు. 1919లో ఎఫ్.సి. టెంపుల్, 1940వ దశకంలో ఆటో కోనిగ్స్‌బర్గర్ వంటి నిపుణులు పట్టణ పథకాలు రచించారు. ఆ స్థలాలు లభించాయి. కాని స్థలం కేటాయించినంత మాత్రాన పొరుగు ఏర్పడదు. కంపెనీ క్వార్టర్లు ఉద్యోగపు అంతస్తును బట్టి దొరికేవి. క్వార్టరు దొరకనివారు, శాశ్వత ఉద్యోగం లేనివారు చుట్టుపట్ల బస్తీలలో తమ భాషవారిని, తమ మతంవారిని ఆశ్రయించి ఇళ్లు కట్టుకొన్నారు. కర్మాగారపు గేటు లోపల ఎనిమిది గంటలు నిలిచిన నమ్మకం మిగిలిన పదహారు గంటలకు విస్తరించలేదు. దీనికి జనాన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదు. లోపల నమ్మకాన్ని పెంచినవి నియమం, జీతం, ఉమ్మడి ప్రమాదం. బయట వాటి స్థానంలో నిలిచే ఏర్పాటు ఏదీ లేదు.

ఈ వృత్తాంతంలో వలస వచ్చినవారి మాటే ఎక్కువగా వినిపిస్తుంది. కర్మాగారం రాకముందు ఈ నేల సంతాలులు, హోలు, భూమిజులది. వారి సాగుభూములపైననే కొలిములు లేచాయి. నైపుణ్యం గల ఉద్యోగాలు దూరదేశాల నుండి వచ్చినవారికి దక్కగా, ఆదివాసులలో చాలమందికి మట్టి తవ్వడం, మోయడం మిగిలాయి. ఆ పనిచేసే స్త్రీకి ‘రేజా’ అని పేరు. సంతాలీ భాషకు పండిత రఘునాథ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని రూపొందించారు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో ఆ భాషకు స్థానం లభించింది మాత్రం 2003 నాటి సవరణ వల్ల. ఈ ప్రాంతం బీహారు నుండి విడివడి జార్ఖండ్ రాష్ట్రమైనది 2000 నవంబరు 15న. ఎవరి నేలపై నగరం లేచిందో వారి భాషను దేశం గుర్తించడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

తెలుగు పాఠకునికి ఇది దూరపు కథ కాదు. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని 1966లో ఉద్యమించి సాధించుకొన్న కర్మాగారం కోసం కూడ విశాఖ తీరాన గ్రామాలకు గ్రామాలే ఖాళీ అయ్యాయి.

జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలలో మూడవ, నాల్గవ తరం వారు ఇంటిలో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడడం సర్వసాధారణం. అటువంటి ఇంటి పెద్దను స్వస్థలం ఏదని అడిగితే శ్రీకాకుళం వైపు ఉన్న ఒక పల్లె పేరు చెబుతాడు. ఇల్లు ఎక్కడని అడిగితే కద్మా అంటాడు. రెండూ నిజమే. సువర్ణరేఖ ఒడ్డున పుట్టిన సంతాలుని అవే ప్రశ్నలు అడిగితే, రెండింటికీ అతని సమాధానం ఒక్కటే.