ఇంట్లో చేసిన స్పీకర్లకు ఏ ఆంప్లిఫయరు?

పాడైపోయిన పాత డబ్బా టీ.వీ. ఒకటి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అటక మీద ఉండే ఉంటుంది. అందులో మంచి స్పీకర్లు ఉంటాయి. అయితే దాన్ని మీరే విప్పకండి. పిక్చరు ట్యూబులో వేల వోల్టుల విద్యుత్తు, స్విచ్చి తీసేసిన తర్వాత కూడా నిలవ ఉండవచ్చు. రిపేరు షాపు అతన్ని అడిగితే తీసి ఇస్తాడు.

ఆ స్పీకర్లను చెక్కపెట్టెల్లో బిగించడం వడ్రంగి పని, ఎలాగో కుదురుతుంది. చిక్కంతా ఆంప్లిఫయరు దగ్గరే వస్తుంది. ఫోను నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది. దాన్ని స్పీకరు అట్టను కదిలించేంతగా పెంచేదే ఆంప్లిఫయరు.

ముందుగా స్పీకరు వెనక అయస్కాంతం మీద ఏమి రాసి ఉందో చూడండి. 8 ఓములు, 10 వాట్లు అని ఉందనుకుందాం. ఈ 8 ఓములను అవరోధం అంటారు. షాపులో మాత్రం ఇంపీడెన్సు అంటేనే తెలుస్తుంది. మల్టీమీటరుతో కొలిస్తే 6 లేక 7 ఓములే చూపవచ్చు. మీటరు పాడయిందనుకోకండి. మీటరు పంపేది ఏకముఖ విద్యుత్తు, పాటది ఏకాంతర విద్యుత్తు. స్పీకరులోని తీగచుట్ట ఏకాంతర విద్యుత్తును మరికాస్త అడ్డుకుంటుంది.

రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓములవుతాయి. నాలుగు కలిపితే 2 ఓములే. అవరోధం తగ్గినకొద్దీ ఆంప్లిఫయరు ఎక్కువ విద్యుత్తు ఇవ్వవలసి వస్తుంది. "కనీసం 4 ఓములు" అని చెప్పిన ఆంప్లిఫయరుకు 2 ఓములు తగిలించడమంటే ఒంటెద్దు బండి మీద రెండు బళ్ల బరువు ఎత్తడమే. నాలుగూ కావాలంటే రెండేసి శ్రేణిలో కలిపి, ఆ రెండు జతలను సమాంతరంగా కలపండి. ఎన్ని ఓములు వస్తాయో మీరే లెక్క వేయండి.

ఇక వాట్ల సంగతి. టి.పి.ఎ. 3116 అనే ఐ.సి. ఉన్న చిన్న బోర్డును "వంద వాట్ల బోర్డు" అని అమ్ముతారు. 21 వోల్టులిచ్చి, 4 ఓముల స్పీకర్లు పెడితే ఒక్కో వైపు 50 వాట్లు వస్తాయన్నది నిజమే. కాని మీ దగ్గర ఉన్నది 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరు. 12 × 2 = 24 వాట్లు. లోపలికి వచ్చేదే 24 అయితే బయటికి 100 ఎలా పోతుంది? శక్తి నిత్యత్వ నియమం దుకాణానికీ వర్తిస్తుంది!

మరి ఎంత వస్తుంది? ఈ బోర్డు స్పీకరుకు గరిష్ఠంగా 12 వోల్టుల శిఖరం ఇవ్వగలదు. దాని ప్రభావిక విలువ సుమారు 8.5 వోల్టులు. వర్గం చేస్తే 72. దాన్ని 8 ఓములతో భాగిస్తే 9 వాట్లు. మన 10 వాట్ల స్పీకరుకు చక్కగా సరిపోయింది. ఇంకా కావాలని ఆశపడకండి. వాట్లు రెట్టింపయితే ధ్వని తీవ్రత 3 డెసిబెల్లే పెరుగుతుంది. చెవికి రెట్టింపుగా వినిపించాలంటే వాట్లు పది రెట్లు కావాలి. పెట్టెల మీద "పి.ఎం.పి.ఓ. 1000 వాట్లు" అని కనిపిస్తే నవ్వుకుని, ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్నో అడగండి.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. పాత ఆంప్లిఫయర్లు చాలావాటిలో రెండు స్పీకర్ల నల్లతీగలూ లోపల ఒకేచోట, ఎర్తుకు కలిసి ఉండేవి. అందుకని తీగ ఆదా చేస్తూ రెండు స్పీకర్లకూ కలిపి మూడు తీగలే లాగేవాళ్లం. బడి వార్షికోత్సవానికి ముందురోజు, పిల్లలు డబ్బులు పోగుచేసి కొన్న కొత్త బోర్డుకూ ఆ అలవాటుకొద్దీ మూడే లాగాను. స్విచ్చి వేసిన రెండు క్షణాలకు కాలిన వాసన వచ్చింది. ఐ.సి. పోయింది. ఈ రకం బోర్డుల్లో స్పీకరు రెండు కొసలనూ ఆంప్లిఫయరే నడుపుతుంది. ఒక కొస పైకి వెళ్లినప్పుడు రెండోది కిందికి వెళుతుంది. అంటే మైనస్ అని రాసినది ఎర్తు కాదు. కుడి ఎడమల మైనస్‌లను కలిపితే రెండు ఆంప్లిఫయర్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నట్టే. మర్నాడు పిల్లలు మైకు లేకుండానే నాటకం వేశారు. బోర్డు నా డబ్బుతో కొనిచ్చాను. మీరు మాత్రం ఒక్కో స్పీకరుకు రెండేసి తీగలు విడిగా లాగండి.

చిన్న స్పీకర్లు 100 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న డప్పు, మృదంగం తొప్పి వంటి మోతను సరిగా పలకలేవు. అందుకే పెద్ద అట్ట ఉన్న సబ్‌వూఫరు. 50 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన తరంగం ఏ మూలనుంచి వస్తోందో మన చెవులు పసికట్టలేవు. కనుక సబ్‌వూఫరు ఒకటే చాలు, గదిలో ఎక్కడ పెట్టినా పరవాలేదు.

దీనికి వేరే ఆంప్లిఫయరు కావాలి. కుడి, ఎడమ స్పీకర్లకు వెళ్లే తీగలను కలిపి దీనికి ఇవ్వకండి. నా కథే మళ్ళీ జరుగుతుంది. కలపవలసింది ఫోను దగ్గరి బలహీన సంకేతాలను, అదీ నిరోధకాల ద్వారా. కుడి నుంచి ఒక 10 కిలో ఓములు, ఎడమ నుంచి మరొకటి తెచ్చి ఒకచోట కలపండి. అక్కడినుంచి ఎర్తుకు 0.33 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టండి. సుమారు 100 హెర్ట్జ్ దాటిన ధ్వనులు క్రమంగా తగ్గిపోతాయి. పాటగాడి గొంతు కొంత లీకవుతుంది. అది నచ్చకపోతే ఫిల్టరుతో సహా దొరికే బోర్డు కొనండి. 4 ఓముల సబ్‌వూఫరుకు 12 వోల్టులతో 18 వాట్లు వస్తాయి. అన్నీ కలిపితే 36 కనుక 5 ఆంపియర్ల అడాప్టరు తీసుకోండి. అడాప్టరు రెడీమేడ్‌దే కొనండి. 230 వోల్టుల జోలికి మీరు పోవద్దు.

స్పీకర్లను బోర్డుకు కలిపేముందు ఒక్కొక్కదానికి 1.5 వోల్టుల బ్యాటరీని క్షణంసేపు తాకించండి. అట్ట ముందుకు వచ్చినప్పుడు బ్యాటరీ ప్లస్ తగిలిన కొసే స్పీకరు ప్లస్, గుర్తు పెట్టుకోండి. ఒకటి ముందుకు, మరొకటి వెనక్కు కదిలితే మోత రద్దయిపోతుంది. సబ్‌వూఫరుకు మాత్రం చివర ఇంకో పరీక్ష ఉంది. పాట పెట్టి, మీరు కూర్చునే చోట నుంచి వినండి. స్విచ్చి కట్టేసి దాని తీగలను తారుమారు చేసి మళ్ళీ వినండి. ఏ అమరికలో మోత నిండుగా ఉందో అలాగే ఉంచేయండి.