సీతాఫలం గింజలకు ఒక గిన్నె

గోపాల్‌పేట,
ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారి.

బిడ్డా,

దసరా సాయంత్రం జమ్మి ఇయ్యను మీ ఆఫీసోళ్లు, చుట్టాలు కలిపి ఇరవై మందిదాకా వస్తరని, పోయినేడు లెక్కనే చీజు, పండ్లు పేర్చి పెడతనని, ఈసారి ఎట్ల పేర్చాలె నాయనమ్మా అని అడిగినవు. ఫోన్‌ల చెప్తె సగం మర్చిపోతవు. అందుకే రాస్తున్న.

పోయినేడు నేను ఆ మూలకు కుర్చీల కూర్చొని అంతా చూసిన. పళ్లెం ముద్దుగుండె. నడుమ చీజు గడ్డ, పక్కకు కత్తి, అటు నిండు ద్రాక్షగుత్తి, ఇటు యాపిల్ ముక్కలు. వచ్చినోళ్లందరు ఫోటోలు తీసుకున్నరు. తిన్నోళ్లే లేరు. "ఇప్పుడే తినొచ్చినం" అన్నరు. రాత్రికి యాపిల్ ముక్కలు నల్లబడ్డయి, చీజు అంచులు ఎండినయి, మొత్తం తీసి ఫ్రిజ్‌ల పెట్టినవు. నీ ముఖం చూసి నా పానం ఉసూరుమన్నది.

వాళ్లకు ఇష్టం లేక కాదు బిడ్డా, మొహమాటం. నిండు గడ్డ మీద ముందుగాల కత్తి ఎవరు పెడతరు? నలుగురి నడుమ గుత్తిలకెంచి ఒక్కొక్క పండు ఎవరు తెంపుకుంటరు? మనోళ్లు కోసిపెడితే తింటరు, కోసుకొని తినరు. నువ్వే ముందు నాలుగు ముక్కలు కోసి, ఒకటి నోట్లె వేసుకో. గుత్తిని కత్తెరతోని నాలుగైదు పండ్లకొకటి చిన్న గుత్తులు చెయ్యి. పెద్ద పళ్లెం ఒకటి వద్దు, రెండు చిన్నవి పెట్టి, తగ్గుతున్నకొద్దీ నింపుతుండు. ఆఖరి ముక్క ఒక్కటే మిగిలిందంటే ఇగ దాన్ని ముట్టేటోడు ఉండడు.

చీజు రెండు రకాలు చాలు. అరగంట ముందు ఫ్రిజ్‌లకెంచి తీసిపెట్టు, చల్లగుంటే రుచే తెలువది. ఒక్క ముచ్చట మాత్రం యాదిపెట్టుకో. చీజు పాలదే గదా అనుకుంటం గాని, కొన్నిటిని లేగదూడ పొట్టలకెంచి తీసిన రెన్నెట్‌తోని పాలు గట్టిపరిచి చేస్తరట. ఇటలీ పార్మిజానో రెజ్జానోకైతే అదే వాడాలన్న నియమం ఉన్నది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొను. నీచు తిననోళ్లకు నువ్వే ముందుగాల ఆ మాట చెప్పు. వాళ్లు అడగరు, అడగలేక ముట్టకుండ కూర్చుంటరు.

ఇగ పండ్లు. కివీలు, స్ట్రాబెర్రీలు ఎందుకు బిడ్డా, మన సీతాఫలాలు వచ్చే దినాలల్ల? ఆ చెట్టు అమెరికా ఖండం కెంచి పోర్చుగీసోళ్ల ఓడలల్ల వచ్చిందంటరు గాని, ఇప్పుడు వ్యవసాయ పుస్తకాలల్ల పేరున్న రకమే మన పాలమూరు బాలానగర్‌ది. నువ్వొచ్చే తోవలనే గంపలు పెట్టుకొని అమ్ముతరు. కండ్లు విచ్చుకొని, కండ్ల నడుమ సందులు తెల్లగయినయి చూసి తీసుకో. గట్టిగుంటే బియ్యం డబ్బల పెట్టు, రెండు మూడు దినాలల్ల మెత్తబడతయి.

ఆ పండు వచ్చినోళ్లకు ఎట్ల పెట్టాలెనో మీ తాతను చూసి నేర్చుకోవాలె. 2016 అక్టోబర్ 11, దసరా నాడే మన వనపర్తి జిల్లా అయింది. ఆ సాయంత్రం జమ్మి పట్టుకొని వచ్చినోళ్లతోని మన అరుగు నిండింది. పగలు యాట కూర తిన్నోళ్లు, ఇంకేం తింటరు? మీ తాత సీతాఫలాల గంప ముందటేసుకొని కూర్చున్నడు. రెండు బొటనవేళ్లు తొడిమె కాడ పెట్టి ఒత్తితే పండు చప్పుడు లేకుండ రెండయ్యేది. ఒక చిప్ప వచ్చినాయన చేతిల పెట్టి, ఇంకోటి తను తినేటోడు. చేతిల పెట్టినదాన్ని వద్దననీకె ఎవ్వరికి నోరు రాలేదు. తిన్నంక గింజలు ఎక్కడ ఊయ్యాలెనో తెలువక బుగ్గల పెట్టుకొని చూస్తుంటరు గదా, మీ తాత ముందటున్న ఇత్తడి గిన్నెల తన గింజలు ముందు ఊసేటోడు. ఇగ అందరివి టకటక పడేటియి. నువ్వు గిన్నె పెట్టు, అండ్ల నాలుగు గింజలు నువ్వే ముందు వెయ్యి. పిల్లలు ఆ గింజలు నలిపి కండ్లు రుద్దుకోకుండ చూసుకో, కండ్లకు మస్తు చెరుపు.

జామపండ్లు దోరవి కోసి ఉప్పు, కారం చల్లు. ఉప్పటి చీజు తియ్యటి పండుతోని ఎందుకు బాగుంటదో ఈ జామ ముక్క తింటే తెలుస్తది. షుగరున్నోళ్లకు కూడ అదే నయం. బాదం పలుకుల జాగల ఉప్పేసి ఉడకబెట్టిన పల్లికాయ పెట్టు, మన చేన్ల ఇప్పుడే పీకుతున్నరు. యాపిల్ ముక్కల మీద నిమ్మరసం చుక్కలు చల్లితే నల్లబడవు.

ఇంకో ముచ్చట. బడిల మాకు చీజంటే జున్ను అని చెప్పిన్రు. నీ చీజు తిన్నంకనే రెండూ ఒకటి కాదని నాకు తెలిసింది. జున్నుకు రెన్నెట్ లేదు, తోడు లేదు. ఈనిన తొలి దినాల పాలల్ల ఉన్న మాంసకృత్తులు ఆవిరి తగిలితే అవ్వే గట్టిపడతయి. మన బర్రె పండుగ దగ్గరికి ఈనేటట్టున్నది. దూడ కడుపునిండ తాగినంకనే పిండుత. ఆ చిక్కటి పాలల్ల మామూలు పాలు కలిపి, బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఇక్కడనే వండి పంపుత. 150 కిలోమీటర్లు పచ్చిపాలు పంపుడు నాకు నమ్మకం లేదు. ముక్కలు కోసి చీజు పక్కపొంటి పెట్టు. బర్రె ఈనకపోతే చిక్కటి పాలు నిమ్మరసంతోని ఇరగ్గొట్టి, బట్టల కట్టి బరువు పెట్టు. లీటరుకు 200 గ్రాములదాకా వస్తది, మీద మిరియాల పొడి చల్లితే సాలు.

జున్ను టిఫిను పండుగ ముందురోజు మీ బాబాయి తెస్తడు. వాపస్ ఉత్తగ పంపకు, నీ చీజు ఒక ముక్క వేసి పంపు. ఈసారి జామపండుతోని తిని చూస్త.

నీ నాయనమ్మ