స్టెమ్ సెల్ ప్యాకేజీకి పీఎఫ్ తీసేముందు

షుగరుకు స్టెమ్ సెల్ వైద్యం వచ్చేసిందని, ఇక మాత్రలూ ఇన్సులినూ మానేయొచ్చని చెప్పే వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. గురజాల నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు షిఫ్టుకెళ్లేవాళ్లకు, పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసేవాళ్లకు ఇది ఊరించే మాటే. నైట్ షిఫ్టులో తిండి వేళ తప్పుతుంది. ఆరోగ్యం బాగోలేదని తెలిస్తే ప్రమోషన్ పోతుందన్న భయం ఒకటి. ఈ వైద్యం ప్యాకేజీ కోసం చీటీ పాడేముందు, పీఎఫ్ అడ్వాన్సుకు పెట్టేముందు కాస్త ఆగండి.

వార్త అబద్ధం కాదు. అమెరికాలో వర్టెక్స్ కంపెనీ స్టెమ్ సెల్స్ నుంచి ఇన్సులిన్ ఇచ్చే కణాలను ల్యాబులో తయారుచేసింది. 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం, పూర్తి డోసు ఎక్కించిన 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. అయితే వాళ్లంతా టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని) వాళ్లు, షుగర్ పడిపోతున్నా ఒంటికి తెలియని స్థితిలో ఉన్నవాళ్లు. ఆ కణాలు నిలవాలంటే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. ఆ ట్రయల్‌లో ఒకరు మెదడు పొరల ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు కూడా. చైనాలో టైప్ 2 ఉన్న 59 ఏళ్ల ఆయనకు 2021లో ఇలాంటి కణాలే ఎక్కించారు, ఇన్సులిన్ మానేయగలిగారు. కానీ కిడ్నీ మార్పిడి జరిగినందున ఆయన ముందునుంచీ రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీదే ఉన్నారు.

మనలో ఎక్కువమందిది టైప్ 2. ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాన్ని సరిగా వాడుకోదు. పైగా ప్యాకేజీల్లో అమ్మేది చాలాసార్లు మీ పొట్ట కొవ్వులోంచో ఎముక మజ్జలోంచో తీసి ఎక్కించే కణాలు. పేరు ఒకటే, సరుకు వేరు.

స్టెమ్ సెల్స్ అంటేనే మోసం అనుకోనక్కర్లేదు. కంట్లో సున్నం పడి నల్లగుడ్డు దెబ్బతిన్నవాళ్లకు హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ 2001 నుంచి ఈ కణాలతో చికిత్స చేస్తూ, ఫలితాలను జర్నల్స్‌లో ప్రచురిస్తూ వచ్చింది. బట్టీ దగ్గర పనిచేసేవాళ్లకు ఇది పనికొచ్చే సంగతే. షుగరు విషయంలో మాత్రం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) స్టెమ్ సెల్ చికిత్సను మామూలు వైద్యంగా ఒప్పుకోలేదు, క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలంటుంది. ట్రయల్ అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్ఐ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, చికిత్సకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. నంబరు అడగండి, వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూసుకోండి. బిల్లు వేస్తున్నారంటే అక్కడే ఆగిపోండి.

ఒక కేసు చూద్దాం. షిఫ్ట్ ఆపరేటర్, 46 ఏళ్లు, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 9.2, ప్యాకేజీ మూడు లక్షలు అనుకుందాం. ఇంజెక్షన్‌తో పాటు డైట్ చార్టు, రోజూ గంట నడక, కొత్త మాత్రలు ఇస్తారు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.5 అవుతుంది. దేనివల్ల తగ్గింది? నడక, తిండి, మాత్రలతో కూడా అంత తగ్గొచ్చు. పేరు మాత్రం ఇంజెక్షన్‌కు పోతుంది. వీడియోల్లో కనిపించే "నాకు తగ్గింది" మాటల వెనక ఇదే కథ ఉండొచ్చు. ఇక ప్యాకేజీ ఖర్చుకు మెడిక్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకండి. రక్తవ్యాధులకు చేసే మజ్జ మార్పిడికి పాలసీలు ఇస్తాయి, రుజువు కాని చికిత్సను మినహాయింపుల్లో పెడతాయి.

డబ్బు పోతే మళ్లీ సంపాదించొచ్చు. ఇంజెక్షన్ పనిచేస్తుందన్న నమ్మకంతో ఇన్సులిన్ ఆపడం అంతకంటే ప్రమాదం. టైప్ 1 వాళ్లు ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ఐసీయూ దాకా పోతుంది. ఎవరు చెప్పినా మిమ్మల్ని ఎప్పుడూ చూసే డాక్టరును అడక్కుండా డోసు మార్చొద్దు.

అదే డాక్టరుకు మీ షిఫ్టుల రోస్టరు చూపించండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని భోజనం మానేస్తే డ్యూటీలోనే షుగర్ పడిపోవచ్చు. మాత్ర వేళ షిఫ్టును బట్టి మార్చమని అడిగేవాళ్లు తక్కువ. షుగరు ఉందని పక్కన పనిచేసే ఒక్కరికైనా చెప్పి ఉంచండి, జేబులో గ్లూకోజ్ పెట్టుకోండి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టేసినవాళ్లు రశీదు, కన్సెంట్ ఫారం కాపీ, ఏ కణాలు ఎక్కిస్తారన్న వివరం రాతలో తీసుకోండి. తగ్గకపోతే డబ్బు వాపసు అన్న నోటిమాటను కన్జ్యూమర్ కమిషన్ ముందు రుజువు చేయడం కష్టం.