పంచాయతీ బండికి ఇంజను ఆయిలు: ఎంపిక, మార్పు గడువు

నేడు కృష్ణా డెల్టాలోని అనేక గ్రామములలో చెత్త సేకరించుటకును, త్రాగునీరు చేర్చుటకును, పారిశుద్ధ్య సామగ్రి మోయుటకును డీజిలు పికప్పు బండ్లు వాడుకలో నున్నవి. బండి కొనునప్పుడు సభలో చర్చ జరుగును, తీర్మానము జరుగును. కొన్న పిమ్మట దాని ఇంజనులోని ఆయిలు సంగతిని మాత్రము డ్రైవరుకో, మెకానిక్కుకో విడిచిపెట్టుట పరిపాటి. ఇది సరికాదు. కొన్ని లీటర్ల ఆయిలు విషయమున చూపిన అశ్రద్ధ ఇంజనునంతటిని విప్పించు ఖర్చుగా పరిణమింపవచ్చును. బండి షెడ్డులో నున్నన్నాళ్లు వీధులలో చెత్త నిలిచిపోవును. ఈ రెండు నష్టములును పన్ను చెల్లించు గ్రామస్థులవే. కనుక పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన ముఖ్య విషయములను ఇచట వివరించుచున్నాము.

ఆయిలు చేయు పని

ఇంజనులోని లోహ భాగములు ఒకదానితో నొకటి ఒరసికొనకుండ నడుమ పలుచని పొరగా నిలుచుట ఆయిలు మొదటి పని. వేడిని మోసికొనిపోవుట, మసిని తనలో నిలుపుకొని భాగములపై పేరుకొనకుండ చూచుట, ఆమ్లములను విరిచివేయుట తక్కిన పనులు. డీజిలు ఇంజనులో మసి ఎక్కువ. అందుచే క్రొత్త ఆయిలు పోసిన కొలది దినములకే నల్లబడును. నలుపు చూచి ఆయిలు చెడినదని తలపరాదు. తేటగా నున్నంత మాత్రమున మంచిదనియు తలపరాదు. ఆయిలులో కలిపిన రసాయనములు పని చేయుచు క్రమముగా హరించును. ఆ తరుగుదల కంటికి కనబడదు. కావుననే మార్పునకు గడువు నియమించిరి.

సింథటిక్ ఆయిలు అననేమి?

ముడిచమురును శుద్ధిచేసి తీసిన నూనెతో తయారగునది సాధారణమైన మినరల్ ఆయిలు. రసాయనిక ప్రక్రియచే అణువులను చాలవరకు ఒకే తీరుగా కూర్చి చేసినది సింథటిక్ ఆయిలు. రెంటిని కలిపినది సెమీ సింథటిక్. సింథటిక్ ఆయిలు మిక్కిలి చలిలో కూడ సులభముగా పారును. అధికమైన వేడిలో త్వరగా చిక్కబడదు, ఆవిరియై తరుగుట తక్కువ. విజయవాడ ప్రాంతమున గడ్డకట్టు చలి లేదు గనుక మొదటి లాభము మనకు స్వల్పము. రోహిణీ కార్తె ఎండలో బరువుతో ఆగి ఆగి నడచు బండికి రెండవ గుణము నిజముగా ఉపయోగించును.

అయినను డబ్బాపై సింథటిక్ అని యున్నంతనే కొనరాదు. రెండు గుర్తులు చూడవలెను. మొదటిది చిక్కదనపు గుర్తు. 15డబ్ల్యు-40, 5డబ్ల్యు-30 అను రీతిని ఇది యుండును. ముందున్న అంకె చలిలో పారు గుణమును, వెనుకనున్న అంకె ఇంజను వేడెక్కిన పిమ్మట నుండు చిక్కదనమును తెలుపును. రెండవది నాణ్యతా తరగతి. సి.ఐ.-4, సి.కె.-4 అనునవి డీజిలు ఇంజనులకు అమెరికన్ పెట్రోలియమ్ సంస్థ ఏర్పరచిన తరగతులు. వీనిలో సి.కె.-4 క్రొత్తది, 2016 డిసెంబరులో వచ్చినది.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చినవి. ఆ పిమ్మట వచ్చిన పెక్కు డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ గలదు. దీనినే డి.పి.ఎఫ్. అందురు. ఆయిలు కాలగా మిగులు బూడిద ఈ జల్లెడను పూడ్చివేయును. కాబట్టి ఇట్టి బండికి బూడిద తక్కువగా నుండు ఆయిలునే పోయవలెను. పాత బండికి వాడి మిగిలిన ఆయిలును పొదుపు పేర దీనిలో పోయుట మిక్కిలి నష్టకరము. మీ బండికి ఏ గుర్తు, ఏ తరగతి తగునో బండితో ఇచ్చిన పుస్తకములో నుండును. ఆ పుస్తకమే ప్రమాణము.

ధర లెక్క

ఇంజనుకు 6 లీటర్లు పట్టుననియు, మినరల్ ఆయిలు లీటరు 300 రూపాయలు, సింథటిక్ 600 రూపాయలనియు ఉదాహరణకు అనుకొందము. ఒకసారి మార్చుటకు మొదటిదానికి 1,800, రెండవదానికి 3,600 రూపాయలగును. మినరల్ ఆయిలును 10,000 కిలోమీటర్లకు మార్చవలసియుండి, సింథటిక్ పోసినచో 20,000 వరకు నడుపవచ్చునని పుస్తకము అనుమతించినచో రెండు ఖర్చులును సమానమే. పైగా ఒక ఫిల్టరు, ఒక కూలి మిగులును. పుస్తకము అట్లు అనుమతింపనిచో ఖర్చు రెట్టింపగును. గడువును పెంచునది పుస్తకమే గాని అమ్మువాని మాట కాదు.

మీటరు చెప్పని సంగతి

గ్రామపు బండి విషయమున అందరును పొరబడు తావు ఇదియే. చెత్త బండి యొకటి దినమునకు 15 కిలోమీటర్లు తిరుగుచు, ఇంటింట ఆగునప్పుడు ఇంజను ఆపకుండ మొత్తము 3 గంటలు నిలిచియుండుననుకొందము. ఏడాదికి 300 దినములు పనిచేసినచో మీటరుపై 4,500 కిలోమీటర్లే కనబడును. 10,000 నిండలేదు గనుక ఆయిలు మార్చనక్కరలేదని డ్రైవరు చెప్పును. కాని ఇంజను నిలుకడగా నడచినది 900 గంటలు. ఫోర్డు సంస్థ తన డీజిలు పికప్పుల విషయమున ఇట్టి గంటను సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణముతో సమానముగా లెక్కించినది. ఆ లెక్కన 900 గంటలు 36,000 కిలోమీటర్లకు సమానము! ఏడాదిలో నాలుగు మార్పులు కావలసిన బండికి ఒక్కటియు జరుగలేదన్నమాట.

కాబట్టి కిలోమీటర్లు, నెలలు అను రెండింటిలో ఏది ముందు నిండిన అదియే గడువుగా గ్రహింపవలెను. ఆగి ఆగి నడచు బండ్లకు పుస్తకములో కఠిన వినియోగమను శీర్షిక క్రింద తగ్గించిన గడువు ఇచ్చియున్నచో దానినే పాటింపవలెను. ఎక్కువసేపు ఆగవలసినచోట ఇంజను ఆపించినచో డీజిలును ఆయిలును గూడ మిగులును.

జల్లెడ గల బండిలో మరియొక చిక్కు కలదు. పేరుకొన్న మసిని కాల్చుటకు ఇంజను అదనముగా డీజిలు చిమ్మును. ఆ పని ముగియక మునుపే మాటిమాటికి బండి ఆపినచో కొంత డీజిలు ఆయిలులోనికి దిగును. గేజి కడ్డీపై ఆయిలు మట్టము తగ్గుటకు బదులు పెరిగినచో ఇదియే కారణము కావచ్చును. పలుచబడిన ఆయిలును వెంటనే మార్పించవలెను. మసి కాల్చు దీపము వెలిగినప్పుడు పుస్తకములో చెప్పిన రీతిని బండిని కొంత దూరము ఆపకుండ నడిపించవలెను.

వరద, వాడిన ఆయిలు

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు వరద విజయవాడలోని పెక్కు పేటలను ముంచినప్పుడు ఎన్నియో వాహనములు నీట మునిగినవి. మునిగిన బండిని స్టార్టు చేయనే కూడదు. షెడ్డుకు లాగించి ముందుగా గేజి కడ్డీ చూపించవలెను. ఆయిలు మజ్జిగవలె తెల్లబారినచో నీరు చేరినదని యర్థము. గడువుతో నిమిత్తము లేకుండ ఆయిలును, ఫిల్టరును మార్పించవలెను.

తీసిన ఆయిలును కాలువలో గాని, మురుగు బోదెలో గాని పోయనీయరాదు. ప్రకాశం బ్యారేజీ వద్ద బయలుదేరు బందరు, ఏలూరు, రైవిస్ కాలువల నీరే అనేక గ్రామముల మంచినీటి చెరువులను నింపుచున్నది. ఒక్క మార్పులో తీసిన ఆయిలు సుమారు 38 లక్షల లీటర్ల మంచినీటిని చెరుపగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరించినది. మన దేశమున 2016 నాటి నిబంధనల ప్రకారము వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థము. దానిని మూతగల డబ్బాలో నిలువచేసి, అనుమతి పొందిన సేకరణదారులకే ఈయవలెను.

సభ్యులు చేయవలసినవి

1. బండి పుస్తకములోని ఆయిలు గుర్తును, తరగతిని, గడువును పెద్ద అక్షరములతో వ్రాయించి పంచాయతీ కార్యాలయమున అంటింపుడు.

2. మార్చిన తేదీ, మీటరు అంకె, పోసిన ఆయిలు, ఫిల్టరు వివరములతో ఒక రిజిస్టరు పెట్టుడు. బండి నిలుకడగా నడచు గంటలను అంచనాగా నైనను వ్రాయింపుడు.

3. సీలు చెడని డబ్బానే బిల్లుతో కొనుడు. విజయవాడ ఆటోనగరులో కొన్నను, ఊరిలో కొన్నను ఈ నియమము ఒక్కటే. ఖాళీ డబ్బాను కోసివేయించినచో నకిలీ ఆయిలు నింపువారికి అది ఉపయోగపడదు.

4. ఆయిలుతోపాటు ఫిల్టరును గూడ పుస్తకము చెప్పినట్లు మార్పింపుడు.

5. వారమున కొకమారు, బండి చదునైన నేలపై నిలిచియుండగా గేజి కడ్డీ చూపింపుడు.

రాబోవు సమావేశమున రిజిస్టరును తెప్పించి చూడవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. చివరి మార్పు తేదీ అందులో లేనిచో, ఆ దినముననే ఆయిలు మార్పించి మొదటి పంక్తి వ్రాయించుట మంచిది.