కొండశిఖరము నేర్పు పాఠము



మన విస్సన్నపేట మామిడితోటలలో నిలిచి చూచువానికి చెట్లకొమ్మలే చూపునకు హద్దులు. వాగు ఏ దిక్కునకు పాఱునో, చెరువు ఎంత పెద్దదో నేలమీద నిలిచినవానికి పూర్ణముగా తెలియదు. పటములలో చదివిన భూగోళమును కన్నులార చూడవలెనన్న కొండ నెక్కవలెను. అట్టి యాత్రకు మన రాష్ట్రమున తగిన స్థలము హార్సిలీకొండ.

ఇది మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 1,200 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. దీని పూర్వనామము ఏనుగుమల్లమ్మకొండ. మల్లమ్మ యను పుణ్యవతిని ఏనుగులు పోషించెనని జనులు చెప్పుకొందురు. 19వ శతాబ్దమున కడప కలెక్టరైన హార్సిలీ దొర వేసవి నివాసమునకై ఇచ్చట ఇల్లు కట్టించుకొనుటచే ఇప్పటి పేరు వచ్చినది. గాలిబండ యను రాతిచెంత నిలిచిన, పేరునకు తగినట్లు గాలి బలముగా వీచును. క్రింది లోయలు పటమువలె పఱచుకొని కనబడును.

సూర్యునికి దగ్గఱైన కొండపై వేడి హెచ్చుగా నుండవలదా యని మీరడుగుదురు. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. అందు ఒక కిలోమీటరు తగ్గుట లెక్కలోనికి రాదు. గాలి ముఖ్యముగా నేలవలన వేడెక్కును. పైకి పోయిన గాలి, ఒత్తిడి తగ్గుటచే వ్యాకోచించి చల్లబడును. సగటున 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల వేడి తగ్గును.

భూమి గుండ్రనిదగుటచే, సమతలముపై 100 మీటర్ల ఎత్తునుండి సుమారు 36 కిలోమీటర్ల దూరము కనబడును. ఆ దూరము రెట్టింపు కావలెనన్న ఎత్తు నాలుగింతలు కావలెను. కారణమేమో లెక్కవేసి చూడుడు.

కొండ నెక్కువారు వేకువనే బయలుదేఱవలెను. చాలినంత నీరు తీసికొని పోవలెను. అందఱికంటె మెల్లగా నడచువాని నడకయే జట్టునకంతకు నడక కావలెను. అంచులయందును తడిబండలపైనను నిలువరాదు. ఉఱుము వినబడినచో శిఖరమును విడిచి దిగవలెను. ఒంటరి చెట్టుక్రింద చేరరాదు. తెచ్చిన కాగితములు, సీసాలు మరల తీసికొని రావలెను.

ఇట్టి యాత్రలు అపాయకరములని తల్లిదండ్రులు కొందఱు పిల్లలను, అందును బాలికలను, పంపుటకు జంకుదురు. నిజామాబాదు ప్రాంతమందలి పాకాల గ్రామపు వ్యవసాయకూలీల కుమార్తె మాలావత్ పూర్ణ భువనగిరి బండపై అభ్యాసము చేసి, 2014 మే 25వ తేదీన, 13 ఏండ్ల ప్రాయముననే ఎవరెస్టు శిఖరము నెక్కినది. ఆమెను అంత ఎత్తునకు చేర్చినవి శిక్షణము, క్రమశిక్షణ, పంపిన తల్లిదండ్రుల ధైర్యము. మన బిడ్డలకు ఎవరెస్టు అక్కఱలేదు; పెద్దల తోడుతో ఒక కొండ చాలును. దిగివచ్చిన పిమ్మట చూచినదానిని పటముగా గీచి తల్లిదండ్రులకు చూపుడు. మరుసటి ఏడు వారే మిమ్ము పంపుదురు.