పాస్‌పోర్టు ఫోటోలో నేపథ్యం

నేపథ్యం అనే మాట మనకి నాటకాల పాఠంలో వచ్చింది. సంస్కృతంలో దానికి వేషం అనీ, నటులు వేషం కట్టుకునే తెర వెనక చోటు అనీ అర్థాలు. తెర వెనక నుంచి మాట వినిపించాలంటే నాటకకర్త ‘నేపథ్యే’ అని సూచన రాస్తాడు. తర్వాత సినిమా వచ్చి నేపథ్య గానం, నేపథ్య సంగీతం ఇచ్చింది. ఇవాళ పాస్‌పోర్టు ఫోటో దగ్గర కూడా అదే మాట వాడుతున్నాం: ‘తెల్లని నేపథ్యం ఉండాలి’ అని. వేషం కట్టే చోటికి పుట్టిన పేరు, ఏ వేషమూ పనికిరాని ఫోటోకి వచ్చి చేరింది! ఆ తెలుపు ఎందుకు అడుగుతారో, దాన్ని మనంతట మనం ఎలా కుదుర్చుకోవచ్చో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

మైలాపూరు మాడవీధులకి దగ్గర్లో ఒక సందులో మా పెదనాన్నగారికి చిన్న ఫోటో స్టూడియో ఉంది. సెలవుల్లో నేను అక్కడ కూర్చుంటాను. ఇప్పుడు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాస్‌పోర్టు సైజు కోసమే. మన విభాగంలో కూడా పై చదువులకి వెళ్లాలనుకునేవాళ్లు, పెళ్లయి విదేశం వెళ్లబోయే అక్కలు నన్ను ఇదే అడుగుతున్నారు. విడివిడిగా చెప్పేకంటే గోడ మీద పెడితే అందరికీ పనికొస్తుందనిపించింది.

ఎవరు ఏం అడుగుతారు?

ముందు ఒక విషయం. మన దేశంలో పాస్‌పోర్టుకి దరఖాస్తు చేసే పెద్దవాళ్లు ఫోటో పట్టుకెళ్లక్కర్లేదు. చెన్నైలో సాలిగ్రామం, అమింజికరై, తాంబరంలలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. అక్కడే ఫోటో తీసి, వేలిముద్రలు తీసుకుంటారు. నాలుగేళ్ల లోపు పిల్లలకి మాత్రం 4.5 × 3.5 సెంటీమీటర్ల ఫోటో, తెల్లని నేపథ్యంతో, మనమే తీసుకెళ్లాలి.

విదేశాల్లో ఉంటూ అక్కడి మన రాయబార కార్యాలయాల ద్వారా పాస్‌పోర్టు మార్చుకునేవాళ్ల సంగతి వేరు. 2025 సెప్టెంబరు నుంచి వాళ్లు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పద్ధతికి సరిపోయే ఫోటో ఇవ్వాలి. అడ్డం 630, నిలువు 810 పిక్సెళ్లు, తెల్లని నేపథ్యం, ఫోటోలో 80 నుంచి 85 శాతం ముఖమే ఉండాలి. కంప్యూటర్లో మార్పులు చేయకూడదు. ఈ 630, 810 ఎక్కడివా అని లెక్క వేసి చూశాను. రెండూ 90తో భాగిస్తే 7, 9. మన 3.5, 4.5 సెంటీమీటర్ల నిష్పత్తి కూడా అదే.

వీసాల దగ్గరికొస్తే ఒక్కొక్కరిది ఒక్కో మాట. అమెరికా వీసాకి రెండంగుళాల చదరం ఫోటో, తెలుపు గానీ తెలుపుకి దగ్గరి రంగు గానీ ఉండాలి. 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా పనికిరాదు. బ్రిటన్ వాళ్లు తమ పాస్‌పోర్టుకి అచ్చు ఫోటో ఇస్తే మీగడ రంగు గానీ లేత బూడిద రంగు గానీ అడుగుతారు. ఫ్రాన్సులో అయితే లేత నీలం, లేత బూడిద లాంటివి ఉండాలి, తెలుపు నిషేధం! అందుకని ఒక దేశానికి తీసిన ఫోటో ఇంకో దేశానికి సరిపోతుందని అనుకోకండి. దరఖాస్తు సూచనల్లో రంగు, కొలత రెండూ చూసుకున్నాకే స్టూడియో మెట్లెక్కండి.

రంగు కాదు, అంచు

ఒకరు తెలుపే కావాలంటారు, ఒకరు తెలుపే వద్దంటారు. మరి వీళ్లందరికీ కావలసింది ఏమిటి? అంచు. ముఖం ఎక్కడ ఆగుతోందో, జుట్టు ఎక్కడ ఆగుతోందో, చెవి ఎక్కడుందో స్పష్టంగా తెలియాలి. వెనక ఉన్నది ఒకే రంగులో, లేతగా, నీడ లేకుండా ఉంటే ఆ అంచు దానంతట అదే తేలుతుంది.

ఫోటోలు రాకముందు అమెరికా పాస్‌పోర్టుల్లో ముఖాన్ని మాటల్లో రాసేవారు. మన ప్రబంధ కవుల వర్ణనలా కాదు లెండి. నుదురు ఎలా ఉంది, ముక్కు ఎలా ఉంది, మేని రంగేమిటి అని ఒక్కో ముక్క. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫోటో తప్పనిసరి అయింది. ఇప్పుడు ఆ ఫోటోని చూసేది మనిషి కన్ను ఒక్కటే కాదు. చెన్నై ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం 2025 మార్చి నుంచి చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టులు ఇస్తోంది. ఆ చిప్‌లో మన ముఖం ఉంటుంది. విమానాశ్రయంలో యంత్రం మన ముఖాన్నీ దాన్నీ పోల్చగలదు. వెనక కిటికీ చువ్వలో, క్యాలెండరో, నీడో ఉంటే మన కళ్లు సర్దుకుంటాయి గానీ యంత్రానికి ఆ సర్దుబాటు అంత సులభం కాదు.

ఈ అంచు సంగతి అర్థమైతే బట్టల సంగతి కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. తెల్ల చుడీదార్, తెల్ల చున్నీ వేసుకుంటే భుజాలు గోడలో కలిసిపోతాయి. ముదురు రంగు వేసుకోండి. సేవా కేంద్రంలో ఫోటో తీసే రోజున కూడా ఇదే వర్తిస్తుంది. జుట్టంతా నెరిసిన అమ్మమ్మలని కూర్చోబెడితే తల పైభాగం మాయమవుతుంది. అందుకే వాళ్లని గోడకి ఇంకాస్త దూరం జరిపి, గోడ మీద వెలుతురు తగ్గించి తీయాలి. అప్పుడు గోడ ఒక పిసరు మసకబారి, జుట్టు విడిగా కనిపిస్తుంది.

ఇంట్లో ఎలా తీసుకోవాలి?

గోడ: సున్నం గానీ మెరుపు లేని పెయింటు గానీ వేసిన తెల్లగోడ చాలు. మేకు, స్విచ్‌బోర్డు, తీగ ఏవీ ఫ్రేములో ఉండకూడదు. బాత్రూం టైల్స్ పనికిరావు, మెరుస్తాయి. గోడ లేకపోతే తెల్లదుప్పటి రెండు మడతలు వేసి, ఇస్త్రీ చేసి, బిగువుగా కట్టండి. ముడత ఉంటే ప్రతి ముడతా ఒక గీతై పడుతుంది. చార్టులు రెండు అతికిస్తే మధ్యలో అతుకు కనిపిస్తుంది.

దూరం: అందరూ గోడకి వీపు ఆనించి నిలబడతారు. నీడ పడేది అందుకే. గోడకీ మనకీ మధ్య మూడు, నాలుగు అడుగులు వదిలితే నీడ గోడ మీద కాక నేల మీద పడుతుంది. ఫోను మనకి నాలుగైదు అడుగుల దూరంలో, కళ్ల ఎత్తులో ఉండాలి. సెల్ఫీ వద్దు. చేతి దూరంలో తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కిపోతాయి. వేరేవాళ్ల చేత వెనక కెమెరాతో తీయించుకోండి.

వెలుతురు: కిటికీకి ఎదురుగా నిలబడండి, పక్కగా కాదు. నేరుగా ఎండ పడకూడదు. ఒక చెంప చీకటిగా ఉంటే ఆ వైపు తెల్ల థర్మకోల్ అట్ట పట్టుకోమనండి, వెలుతురు తిరిగొచ్చి పడుతుంది. ఫ్లాష్ వద్దు. ఎర్రటి పెంకులు పరిచిన మేడ మీద తీస్తే ఆ ఎరుపు గడ్డం కిందికీ, వెనక దుప్పటికీ ఎక్కుతుంది.

ఫోను: బ్యూటీ, పోర్ట్రెయిట్ రెండూ ఆపేయండి. పోర్ట్రెయిట్‌లో చెవుల దగ్గర, ఉంగరాల జుట్టు దగ్గర అంచు మసకైపోతుంది. మనకి కావలసింది ఆ అంచే కదా! నేపథ్యం మార్చే యాప్‌లతో వచ్చే చిక్కూ ఇదే. అవి జుట్టుని కత్తిరించినట్టు కోస్తాయి, ఒక్కోసారి జుంకా సగం తినేస్తాయి, తల చుట్టూ తెల్లటి వలయం మిగులుస్తాయి. పైగా అది ‘కంప్యూటర్లో మార్చిన ఫోటో’ కిందికి వస్తుంది.

చామనఛాయ సంగతి

ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. తెల్లగోడ ముందు మనలో చాలామంది ముఖాలు ఉన్నదానికంటే నల్లగా పడతాయి. దానికి కారణం మన రంగు కాదు. కెమెరా ఎదురుగా ఉన్న మొత్తం వెలుతురుని చూసి, సగటున మధ్యరకం బూడిద రంగు వచ్చేలా లెక్క కడుతుంది. తెల్లగోడ ఎక్కువగా ఉంటే ‘వెలుతురు మరీ ఎక్కువైంది’ అనుకుని తగ్గించేస్తుంది. గోడ బూడిదవుతుంది, ముఖం చీకటవుతుంది. మందు చాలా చిన్నది: తెర మీద ముఖాన్ని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కొంచెం పైకి జరపండి. నుదురు మెరవడం మొదలయ్యేలోపు ఆపండి.

స్టూడియోకి వచ్చే అమ్మలు, “కొంచెం కలర్ పెంచి ఇవ్వండి బాబూ” అంటారు. కూతురు పక్కనే ఉంటుంది, ఏమీ అనదు. ఒకసారి నా వయసు అమ్మాయి, “పాస్‌పోర్టుకి కూడానా అమ్మా?” అంది. ఆ ప్రశ్నకి మా పెదనాన్నగారే జవాబు చెప్పారు: “పెళ్లిచూపులకి ఇచ్చే ఫోటో ఇంట్లోవాళ్లు చూస్తారమ్మా. ఇది ఆఫీసరు చూస్తాడు. ముఖం పక్కన పెట్టి చూస్తాడు.” నిజమే. ఈ ఒక్క ఫోటోలో మన రంగు మన రంగులాగే ఉండాలని నియమమే చెబుతోంది. సహజమైన మేని రంగు ఉండాలన్నది అంతర్జాతీయ పద్ధతిలో భాగం. ఇంట్లో ఎవరైనా తెలుపు చేయించమంటే, “రూలు ఒప్పుకోదు” అని ధైర్యంగా చెప్పవచ్చు. మనకి పనికొచ్చే రూళ్లు ఎన్నో ఉండవు, దీన్ని వాడుకుందాం.

పసిపిల్లలు

మైలాపూరులో పురిటికి పుట్టింటికి వచ్చిన అక్కలు పాపతో తిరిగి వెళ్లాలంటే పాపకి పాస్‌పోర్టు కావాలి. మా పిన్ని కూతురికి రెండో నెలలో ఈ పని పడింది. బావగారు దుబాయిలో పాపని ఫోన్లోనే చూస్తున్నారు. మెడ నిలవని బిడ్డని గోడ ముందు ఎలా నిలబెడతాం? నేల మీద మెత్తగా పరిచి, పైన ముడతల్లేని తెల్లదుప్పటి వేసి, పాపని వెల్లకిలా పడుకోబెట్టి, పై నుంచి తీయాలి. ఫోను పట్టుకున్నవాళ్ల నీడ పాప మీద పడకుండా కిటికీ వైపు చూసుకోవాలి. పట్టుకున్న చేతులు, పాలసీసా, గిలక్కాయ ఏవీ కనిపించకూడదు. పాలు తాగి, నిద్ర రాకముందు ఉండే ఆ పది నిమిషాలే మంచి సమయం. కళ్లు తెరిచి, నోరు మూసి ఉన్న ఒక్క ఫోటో కోసం మేం నలభైదాకా తీశాం.

ఫోటో ఇచ్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక భుజం నుంచి మొదలుపెట్టి చెవి, నడినెత్తి, రెండో చెవి, రెండో భుజం దాకా అంచు వెంట వేలు పోనివ్వండి. వేలు ఎక్కడా తడబడకపోతే నేపథ్యం సరిగ్గా ఉన్నట్టే.

మన విభాగం వరండా గోడ తెల్లసున్నం వేసినది. ఉదయం పదింటిదాకా ఎదుటి నుంచి మెత్తటి వెలుతురు పడుతుంది. కావలసినవాళ్లు ముదురు రంగు బట్టలు వేసుకుని, తోడుగా థర్మకోల్ అట్ట పట్టుకునే స్నేహితురాలిని తీసుకుని రండి. మేడంగారి అనుమతితో నేను తీసిపెడతాను.