తవ్వకుండా దొరికే నిధి

అక్షాంశాలు, రేఖాంశాలు చదివేటప్పుడు "ఇవి ఎందుకు సార్?" అని అడగనివాళ్లు మన హాస్టల్లో ఉండరు. నేనూ అడిగాను. గ్లోబు మీద తప్ప నేల మీద ఆ గీతలు ఎక్కడా కనబడవు కదా! కానీ ఆ గీతలతోనే ఆడే ఒక ఆట ఉంది. దాని పేరు జియోకాషింగ్.

ఒకరు ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను ప్రకటిస్తారు. మిగతావాళ్లు జీపీఎస్ పరికరంతో వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టాలి. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద సుమారు 1.85 కిలోమీటర్లు. నిమిషంలో వెయ్యో వంతు వరకు లెక్క ఇస్తారు కాబట్టి రెండు మీటర్ల లోపు చోటును కూడా అంకెల్లో చెప్పవచ్చు.

పరికరానికి ఆ చోటు ఎలా తెలుస్తుంది? సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు సమయాన్ని ప్రసారం చేస్తుంటాయి. ఆ సంకేతం మనల్ని చేరడానికి సెకనులో దాదాపు పదిహేనో వంతు పడుతుంది. పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. సెకనులో పది లక్షల వంతు తప్పినా 300 మీటర్లు తేడా! చోటు తేల్చడానికి మూడు ఉపగ్రహాలు చాలు కానీ, మన పరికరంలోని గడియారం తప్పును సరిచేయడానికి నాలుగోది కావాలి. మొదట్లో అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. 2000 మే 2న దాన్ని తీసేసింది. మరునాడే ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక బకెట్టు దాచాడు. అందులో పుస్తకాలు, డబ్బులు, చిక్కుడుగింజల డబ్బా, ఒక పంగలకర్ర కూడా ఉన్నాయట. అలా మొదలైందీ ఆట.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, రక్షిత ప్రాంతాల్లో. ఆస్ట్రేలియాలో సిడ్నీకి దక్షిణంగా ముర్రామరాంగ్ అనే జాతీయ పార్కు ఉంది. సముద్రం, ఇసుక, పక్కనే అడవి, ఒడ్డుదాకా వచ్చే కంగారూలు. అలాంటి తీరాల్లో ఆయిస్టర్‌క్యాచర్ అనే పక్షి ఇసుకలోనే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి. డబ్బా వెతికేవాడి చూపు జీపీఎస్ మీద ఉంటుంది, అడుగు గుడ్డు మీద పడుతుంది. ఆ తీరంలో ఆదివాసులు వేల ఏళ్లుగా తిని పారేసిన ఆల్చిప్పల గుట్టలూ ఉన్నాయి. అవి వాళ్ల చరిత్ర పుస్తకం. పార పెట్టి తవ్వితే పేజీలు చింపినట్టే.

అందుకని ఆట ఆపేశారా? లేదు. నా దృష్టిలో అసలు తెలివి ఇక్కడే ఉంది. డబ్బానే తీసేశారు! 2004 జనవరిలో ఈ పార్కులోని వాస్ప్ హెడ్ దగ్గరే మొట్టమొదటి ఎర్త్‌కాష్ ఏర్పడింది. ఇందులో దాచేదీ లేదు, తీసేదీ లేదు. చెప్పిన చోటికి వెళ్లి, రాళ్లను చూసి, ప్రశ్నలకు జవాబులు పంపాలి. భూమి ఎవరి అధీనంలో ఉంటే వాళ్ల అనుమతి కూడా ఉండాలి.

రాళ్లలో ఏముంటుంది అంటారా? ఆ దక్షిణ తీరపు రాళ్లలో సన్నని మట్టి పొరల మధ్య ఒంటరిగా పెద్ద బండరాళ్లు ఇరుక్కుని కనిపిస్తాయి. బండను దొర్లించేంత ప్రవాహం వస్తే సన్నని మట్టి నిలవదు. మరి ఆ బండ ఎలా వచ్చింది? పై నుంచి పడింది! సుమారు 29 కోట్ల ఏళ్ల క్రితం సముద్రంపై తేలిన మంచుగడ్డలు కరిగి, తమలో ఇరుక్కున్న రాళ్లను అడుగు బురదలోకి జారవిడిచాయి.

అప్పుడు ఆస్ట్రేలియా, మన దేశం ఒకే ఖండంలో ఉండేవి. ఆ ఖండం పేరు గోండ్వానా. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు మిత్రులారా, అది మీ నేల పేరే! మన గోదావరి లోయలోనూ ఆ మంచు కాలపు రాళ్లు అడుగున ఉన్నాయి. మంచు వెనక్కి తగ్గాక పెరిగిన అడవులే సింగరేణి బొగ్గు అయ్యాయి. ఆ అడవుల్లోని గ్లాసాప్టెరిస్ చెట్టు ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది. దాని అచ్చులు మన బొగ్గు పొరల దగ్గరి రాళ్లలోనూ, ఆస్ట్రేలియా రాళ్లలోనూ దొరుకుతాయి.